గోడ నోరు విప్పిన రోజు

పోయిన వారం అత్తయ్యను ఫోటో స్టూడియో మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. ఒక చేతిలో టీ ఫ్లాస్కు, రెండో చేతిలో బిస్కెట్ల పొట్లం, చెవిలో ఇంకా గింగురుమంటున్న మేజరు మాట. "సాయంత్రం అయిదు వరకే మేడం. అయిదు దాటితే ఆ ఖైదీని కొండమీది బంగళాకు పంపించేస్తాను."

కొండమీది బంగళాలో ప్రశ్నలు తక్కువ, దెబ్బలు ఎక్కువ. అక్కడికి నడిచి వెళ్లినవాళ్లు నడిచి తిరిగి రావడం అత్తయ్య ఇంతవరకు చూడలేదు.

నదికి ఇటు ఒక ప్రభుత్వం, అటు ఒక ప్రభుత్వం అయి ఏడు నెలలైంది. అంతకుముందు ఇటువాళ్లకు అటు వియ్యంకులు, అటువాళ్లకు ఇటు మేనత్తలు. రోజుకు ఆరు ట్రిప్పులు లాంచీ తిరిగేది. యుద్ధం వచ్చిన సాయంత్రం లాంచీ ఆగిపోయింది. ఏ ఒడ్డున ఉన్నవాళ్లు ఆ ఒడ్డునే ఉండిపోయారు. మన ఒడ్డు ఆడవాళ్లు ఇరవై ఇద్దరు అవతలి రేవులో చిక్కుకున్నారు. వాళ్లలో అత్తయ్యకు స్వయానా అక్కయ్య ఒకరు.

"మీ ఆడవాళ్లను మీరు తీసుకుపోండి, మాకేం అభ్యంతరం లేదు" అని అవతలివాళ్లు రేడియోలో చెప్పారు. "అయితే నదినిండా నీటి మందుపాతరలు పెట్టాం. వాటి మధ్య దారి మాత్రం చెప్పం" అని కూడా అదే గొంతుతో చెప్పారు. భోజనానికి పిలిచి లోపల గడియ పెట్టుకున్నట్టుంది వ్యవహారం.

ఆ దారి తెలిసిన మనిషి తొమ్మిది రోజుల కిందట మనవాళ్ల చేతికి చిక్కాడు. పదిహేనేళ్లు ఆ నదిలోనే లాంచీ నడిపిన సరంగు. మందుపాతరలు దింపే పడవకు దారి చూపించింది అతనేనని అంతకుముందు దొరికిన ఖైదీలు చెప్పారు. అతను చిక్కిన తీరు అతనికే తలవంపులు. చిన్న పడవలో కూర్చుని కునుకు తీశాడు. ప్రవాహం అతన్ని మెల్లగా మోసుకొచ్చి, మన కాపలావాళ్ల ఒళ్లో పడుకోబెట్టింది. ఆ సిగ్గుతోనో పంతంతోనో నోరు మూసేశాడు. పేరడిగితే పలకడు. ఆకలేస్తోందా అంటే పలకడు. జవాన్లు విసిగిపోయి అతనికి గోడ అని పేరు పెట్టారు. "గోడకు అన్నం పెట్టావా?" "గోడ స్నానానికి వెళ్లింది." ఇలా ఉండేవి అక్కడి మాటలు.

ఇక అత్తయ్య తుపాకీ పట్టిన మనిషి కాదు. ముప్ఫై ఏళ్లు నదికి రెండువైపులా పెళ్లి సంబంధాలు కుదిర్చింది. ఆ పనిలో ఎవర్నీ ఏదీ సూటిగా అడగకూడదు. అడిగితే ఎదుటివాళ్లు సర్దుకుని కూర్చుంటారు. అందుకని అత్తయ్య ఒక తప్పు చెప్పేది. "మీవాడు ఎనిమిదో తరగతితో ఆపేశాడటగా పాపం" అనేది, ఎంతో జాలిగా. అంతే, పెళ్లికొడుకు తల్లి పీట మీంచి లేచేది. "ఎనిమిదేమిటండీ! డిగ్రీ! రెండోసారికే పాసయ్యాడు!" రెండోసారి అన్న ముక్క అత్తయ్య అడగలేదు, ఆవిడే చెప్పింది. ఈ లోకంలో మనిషి ఆకలికి ఓర్చుకుంటాడు, దెబ్బలకు ఓర్చుకుంటాడు, తనకు బాగా తెలిసిన సంగతిని ఎదుటివాడు తప్పుగా చెబుతుంటే మాత్రం ఓర్చుకోలేడు. ఖైదీలతో మాట్లాడించమని మేజరు పిలిపించాక, ఈ కిటుకుతోనే, మూడు వారాల్లో, ఒక్క చెంపదెబ్బ లేకుండా ఆమె పదకొండుమంది ఖైదీల చేత మాట్లాడించింది. పన్నెండోవాడు గోడ.

అత్తయ్య తలుపు తోసుకుని లోపలికి వెళ్లేసరికి రెండున్నర.

యుద్ధానికి ముందు అది నిజంగా ఫోటో స్టూడియోనే. యజమాని తాళాలు కూడా వెయ్యకుండా పారిపోతే, సైన్యం దాన్ని ఖైదీలను ప్రశ్నించే చోటుగా మార్చింది. గదిలో ఒక గోడ నిండా రంగుల తెర వేలాడుతోంది. తెర మీద చెరువు, చెరువు మీద చందమామ, చందమామ కింద ఒక పడవ. తెర ముందు చెక్కిన చేతుల కుర్చీ. సరంగు ఆ కుర్చీలో తొమ్మిది రోజులుగా, ఫోటో తీయించుకోవడానికి వచ్చి ఫోటోగ్రాఫరు కోసం కాచుకున్న మనిషిలా నిటారుగా కూర్చుంటున్నాడు. పక్కన సొరుగుల్లో ఎవరూ వచ్చి తీసుకోని ఫోటోలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. యుద్ధానికి వెళ్లేముందు తీయించుకున్నవి. అత్తయ్య ఒక్కసారి ఆ సొరుగు తెరిచింది. మళ్లీ దాని వైపు చూడలేదు.

ఫిల్ములు కడిగే చీకటిగదిలో టైపు గుమాస్తా ఉంటాడు. తలుపుకు పెట్టిన చిన్న రంధ్రంలోంచి చూస్తూ, విన్నదీ కన్నదీ అన్నీ టైపు చేస్తాడు. మేజరు ఆజ్ఞ అది. ఏమీ జరగనప్పుడు కూడా ఏదో ఒకటి కొట్టాలి కాబట్టి, గుమాస్తా తొమ్మిది రోజులుగా "ఖైదీ నిట్టూర్చెను", "ఖైదీ ముక్కు గోకుకొనెను" అని కొడుతున్నాడు. అటువంటివి ఇప్పటికి నలభై పేజీలు.

అత్తయ్య రెండు గ్లాసుల్లో టీ పోసి బల్ల మధ్యలో పెట్టింది.

"నీకు నచ్చింది తీసుకో నాయనా. నువ్వు తీసుకున్నాకే నేను తీసుకుంటా. ఇందులో ఏమీ కలపలేదు. కలిపినా ఇద్దరం కలిసే పోతాం."

సరంగు ఎడమ గ్లాసు తీసుకున్నాడు. రోజూ ఎడమదే తీసుకుంటాడు. తొమ్మిది రోజుల్లో అతని గురించి ఆమెకు ఖాయంగా తెలిసింది ఆ ఒక్కటే.

"ఎండ మండిపోతోంది" అంది అత్తయ్య, విసనకర్ర లేక చెంగుతో విసురుకుంటూ. "నది మీద ఎండ ఉండదటగా. లాంచీవాళ్ల పని హాయట. చక్రం పట్టుకుని అటూ ఇటూ తిప్పడమే. బస్సు నడపడం కంటే తేలికని మా మేజరుగారు అంటున్నారు."

చీకటిగదిలో టైపు మిషను టకటకమంది. ఖైదీ ఎడమ కనుబొమ్మ కదిలెను.

"నదిలో ఏముందిలే, నీళ్లేగా. రోడ్డు మీదైతే గుంతలుంటాయి. నీళ్లలో ఎక్కడపడితే అక్కడ పోవచ్చు."

ఖైదీ టీ గ్లాసును పెదవుల వద్ద ఆపెను.

"వరదొచ్చినా ఇసుక మేటలు ఎక్కడివక్కడే ఉంటాయట. కదలవట. మొన్న ఎవరో చెప్పారు." అత్తయ్య బిస్కెట్టు టీలో ముంచింది. "నది మధ్యన ఆ నల్లరాయి ఉందే, దాని పక్కనే నీళ్లు మోకాలి లోతట. పిల్లలు కూడా నడిచి దాటొచ్చట."

సరంగు మెడనరాలు తాళ్లలా లేచాయి. దవడ బిగిసింది. చెక్క కుర్చీ చెయ్యి కిర్రుమంది. ఇంకొక్క తప్పు, ఒకే ఒక్కటి పడితే కట్ట తెగుతుందని అత్తయ్యకు తెలుసు. ముప్ఫై ఏళ్ల అనుభవం. ఏ తప్పు అయితే బాగుంటుందా అని ఆలోచిస్తూ బిస్కెట్టు నమిలింది.

అప్పుడు గోడ నోరు తెరిచింది.

"మీ అక్కయ్యగారు మీకంటే చిన్నవారు కదండీ?"

"చిన్నదేమిటి! నాకంటే ఏడేళ్లు పెద్దది!" అంది అత్తయ్య.

"అలాగా. ఆ రోజు లాంచీలో చాలా సంతోషంగా కనిపించారు. చేతిలో ఎర్ర గొడుగు..."

"గొడుగా? దాని చేతిలో గొడుగెక్కడిది? నేనిస్తేగా!" అత్తయ్య బిస్కెట్టు బల్ల మీద పడేసింది. "నీకేం తెలుసు? ఆ రోజు వెళ్లాల్సింది అది కాదు, నేను. అవతల ఒక పెళ్లికొడుకుని చూడాలి. నాకు జలుబు చేసి, తుమ్ములు ఆగక చస్తున్నా. తుమ్ముతూ వెళ్తే పెళ్లివారు లోపలికి రానిస్తారా? 'అక్కా, ఈ ఒక్కసారి నువ్వు వెళ్లి చూసిరా, పిల్లాడు నత్తిగా మాట్లాడతాడా లేదా, అదొక్కటి కనుక్కో చాలు' అని నేనే పంపించా. మోకాళ్ల నొప్పుల మనిషి, నా మాట కాదనలేక బయల్దేరింది. గుమ్మంలో నిలబడి, 'ఎండగా ఉంది, నీ గొడుగియ్యవే' అంది. నేనేమన్నానో తెలుసా? 'నీ చేతికిస్తే అది మళ్లీ ఇంటికి రాదు, ఇవ్వను పో' అన్నాను. దాని మతిమరుపు నీకు తెలీదులే. రెండు గొడుగులు, ఒక కళ్లజోడు, ఒకసారి ఏకంగా మా చిన్నాన్నను మార్కెట్లో వదిలేసి వచ్చింది. అందుకని ఇవ్వనన్నాను. అది కొంగు నెత్తిన కప్పుకుని, విసవిసా వెళ్లిపోయింది. నేను వాకిలిదాకా కూడా వెళ్లలేదు. సాయంత్రం వస్తుందిగా, అప్పుడు బతిమాలుకోవచ్చులే అనుకున్నా. సాయంత్రానికి లాంచీ ఆగిపోయింది. ఏడు నెలలు. ఆ గొడుగు ఇప్పటికీ తలుపు వెనకే ఉంది. ఎంత ఎండ కాసినా దాన్ని నేను ముట్టుకో..."

అత్తయ్య చటుక్కున ఆగింది.

గదిలో టైపు మిషను ఒక్కటే పరుగెత్తుతోంది. అది కూడా ఆమె మాటను అందుకుని, ఆఖరి అక్షరం కొట్టి, ఆగిపోయింది.

"నువ్వు మాట్లాడావు" అంది అత్తయ్య.

"నేను రెండు తప్పులు చెప్పానండీ, అంతే" అన్నాడు సరంగు. గొంతు తొమ్మిది రోజులు వాడక బొంగురుగా ఉంది. "మాట్లాడింది మీరు."

అత్తయ్య ముఖం మొదట ఎర్రబడింది. తర్వాత, ఎక్కడినుంచి వచ్చిందో, నవ్వు వచ్చింది. పొట్ట పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వింది. ఆ నీళ్లలో ఎన్ని నవ్వువో ఎన్ని కావో ఆమెకే తెలియదు. ముప్ఫై ఏళ్లుగా తను ఊరందరి మీదా విసిరిన వలలో తనే వచ్చి పడింది, అదీ మొదటిసారికే.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"మూడో రోజుకే అర్థమైందండీ. ఇంటావిడలా కబుర్లు చెబుతారు. ప్రతి నాలుగో మాట తప్పు. ఇంత మతి ఉన్న మనిషి ఇన్ని తప్పులు ఎందుకు చెబుతారా అనుకున్నా." అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "బస్సు కంటే తేలికన్నారు చూశారూ, అక్కడ కొంచెం కష్టమైంది. అదొకటి, వెనక ఈ బొమ్మొకటి. ఆ పడవకు చుక్కాని ముందువైపు వేశాడండీ ఆ మహానుభావుడు. తొమ్మిది రోజుల్నుంచీ నా వీపుకి గుచ్చుకుంటోంది."

"మా అక్కయ్య సంగతి నీకెలా తెలుసు?"

"ఆ రోజు ఆఖరి ట్రిప్పు నాదే కదండీ."

అత్తయ్య చేతులు రెండూ ఒళ్లోకి వచ్చి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"లాంచీ ఎక్కినప్పటినుంచీ మిమ్మల్నే తిట్టారు" అన్నాడు సరంగు. "పిసినారిదన్నారు. గొడుగుతోనే కాపురం చేస్తుందన్నారు. చెల్లెళ్లున్నవాళ్లకి శత్రువులెందుకన్నారు. లాంచీలో అందరూ వినేలాగే అన్నారు. మీరేమో ఎప్పుడెక్కినా మధ్యలో స్తంభం పట్టుకుని కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టే మనిషి. మిమ్మల్ని మా లాంచీలో ఎరగనివాళ్లెవరు? అందరూ నవ్వారు."

"అంతేనా? ఇంకేమీ అనలేదా?"

సరంగు టీ గ్లాసును పక్కకు జరిపాడు.

"దిగేటప్పుడు ఒకటి అడిగారు. 'తిరుగు ట్రిప్పు ఎన్నింటికి బాబూ? మా చెల్లెలికి జలుబు, వేణ్నీళ్లు పెట్టేవాళ్లు లేరు' అన్నారు. అయిదున్నరకి అన్నాను. ఆవిడ అయిదింటికే వచ్చి రేవు మెట్ల మీద కూర్చున్నారు. అయిదుంబావుకి మా వాళ్లొచ్చి ఇంజను తాళం లాక్కున్నారు. పదిహేనేళ్లలో నేను వెయ్యని ట్రిప్పు అదొక్కటేనండీ. వరదల్లో వేశాను, జ్వరంతో వేశాను. మా నాన్న పోయిన రోజు కూడా పొద్దున ట్రిప్పు వేసే వెళ్లాను. అయిదున్నరకి వస్తానని ఒక పెద్దావిడకి చెప్పి, రాలేదు."

చీకటిగదిలోంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

మనుషులు విడిపోయేటప్పుడు అసలు మాట ఎవరూ చెప్పరు. గొడుగు గురించి పోట్లాడుకుంటారు, తాళంచెవి ఎక్కడ పెట్టావంటారు, తిరుగు ట్రిప్పు ఎన్నింటికంటారు. అది ఆఖరిదని తెలిస్తే కదా వేరే మాట వెతుక్కోవడానికి. అత్తయ్య చెంగుతో ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకుంది. కోపంగా ఉన్నట్టు కనిపించాలని ఆమె ఆశ.

"ఇన్ని తెలిసినవాడివి, నేనెవరో మొదటిరోజే గుర్తుపట్టినవాడివి, తొమ్మిది రోజులు నా చేత ఇన్ని అబద్ధాలు ఆడించి, ఇంత టీ తాగి, నోరెందుకు మూసుకున్నావయ్యా?"

"మీతో ఒక్క మాట కలిపితే నెల తిరిగేలోగా పెళ్లయిపోతుందని మా రేవులో ప్రతి బ్రహ్మచారికీ తెలుసండీ."

"నీకింకా పెళ్లి కాలేదా?" అత్తయ్య కుర్చీ ముందుకు జరిగింది. "నలభై దాటినట్టున్నావే! మీ వాళ్లెవరూ పట్టించుకోలేదా? ఈ యుద్ధం అయిపోనీ, మా వీధి చివర ఒక పంతులమ్మ..."

"చూశారా!" అన్నాడు సరంగు.

చీకటిగదిలో కిసుక్కుమన్న నవ్వు. వెంటనే దాన్ని కప్పేస్తూ టకటక.

అత్తయ్య గడియారం చూసింది. నాలుగు కావడానికి పది నిమిషాలున్నాయి. నవ్వు మొహంలోంచి దిగిపోయింది.

"నాయనా, ఇక నేను తప్పులు చెప్పను. ఉన్నదున్నట్టు చెబుతా. అయిదింటిలోగా నాకు దారి తెలియాలి. తెలియకపోతే నిన్ను కొండమీదికి తీసుకెళ్తారు. అక్కడ ఏమవుతుందో నీకూ తెలుసు. నిన్ను అక్కడికి పోనివ్వడం నాకిష్టం లేదు. మా అక్కయ్యను అక్కడ వదిలెయ్యడం కూడా నాకిష్టం లేదు. రెండూ నా చేతిలో లేవు. నీ నోట్లో ఉన్నాయి."

సరంగు వెనక్కి తిరిగి తెర మీది పడవను చూశాడు. గోడ మళ్లీ గోడ అయిపోతాడేమోనని అత్తయ్యకు భయం వేసింది.

"నేను దారి చెబితే మీ మేజరు దాన్ని కాగితం మీద గీయిస్తాడు" అన్నాడు చివరికి. "కాగితానికి ఆడవాళ్లెవరో జవాన్లెవరో తెలియదండీ. ఇవాళ అది మీ అక్కయ్యని తెస్తుంది. రేపు అదే కాగితం పట్టుకుని తుపాకీ పడవలు వెళ్తాయి. అవతలి రేవులో మా అమ్మ ఉంది. నాతో పనిచేసిన వాళ్లంతా ఉన్నారు."

"నిజమే" అంది అత్తయ్య. కాదని ఎలా అంటుంది?

"అందుకని గీయను, చెప్పను. నేనే వేస్తాను ఆ ట్రిప్పు. చుక్కాని నేను పడతాను. వెళ్లేదారి, వచ్చేదారి నా చేతుల్లోనే ఉంటుంది, ఎవరి కాగితాల్లోనూ ఉండదు. అందరినీ ఈ ఒడ్డున దింపేసి, మళ్లీ వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటాను. పారిపోను. పారిపోతానని భయమైతే కాళ్లకు గొలుసు వేసుకోండి, చేతులు మాత్రం వదలండి."

"మేజరుగారు ఒప్పుకుంటారా?"

"ఇంకొకటుంది. పడవ ముక్కున మీరు కూర్చోవాలి. స్తంభం దగ్గర కాదు, ముక్కున. కళ్లు తెరుచుకుని."

అత్తయ్య కుర్చీని వెనక్కి జరుపుకుంది. ఆమె బిందెలో నీళ్లకు కూడా కొంచెం దూరంగా నిలబడే మనిషి.

"నేనెందుకయ్యా? నేను అడ్డం తప్ప దేనికి పనికొస్తాను?"

"అడ్డంగానే కావాలండీ. మీరు ఎక్కితే అది ఆడవాళ్ల పడవే అని నాకు నమ్మకం. అందులో తుపాకీ పెట్టనివ్వరు మీరు. తొమ్మిది రోజుల్లో మీరు ఇన్ని తప్పులు చెప్పారు గానీ, ఒక్కసారి కూడా నన్ను మోసం చెయ్యలేదు. కాపలావాడు నేను దొరికిన తీరు చెప్పి నవ్వితే, మీరు వాణ్ని కసిరి బయటికి పంపించారు. మర్చిపోలేదు." అతను ముందుకు వంగాడు. గొంతు తగ్గించలేదు, గుమాస్తా కూడా వినాలన్నట్టే చెప్పాడు. "ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. ఒక్కటే పడవ. మా వెనకాల, మేము వెళ్లిన దారి చూసుకుంటూ, ఇంకో పడవ వస్తే, నేను చుక్కాని వదిలేసి చేతులు కట్టుకుంటాను. తర్వాత ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు. మీరున్నా, మీ అక్కయ్యగారున్నా, నేనున్నా అంతే."

"అంతే" అంది అత్తయ్య, తనకు తెలియకుండానే.

చీకటిగది తలుపు తెరుచుకుంది. ఇన్నాళ్లూ బయటికి రాకూడదన్న నియమం మీద ఉన్న గుమాస్తా, కళ్లు ఉబ్బించుకుని, చేతిలో కాగితాలతో నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, గొడుగు సంగతి కూడా టైపు చేసేశానండీ. 'అధికారిణి రోదించెను' అని కూడా పడింది. తీసెయ్యమంటారా?"

"పంతులమ్మ సంగతి?"

"అది కూడా పడిందండీ."

"అదొక్కటి ఉంచు" అంది అత్తయ్య. "మిగతాది ఇటివ్వు."

*

మేజరు ముందుగదిలో, ఒకప్పుడు ఫోటోలు ఇచ్చి పుచ్చుకునే అద్దాల బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. చొక్కా మడత చెడదు, మాట తీరు మారదు. మూడు వారాలుగా ఆమెను మేడం అనే పిలుస్తున్నాడు. ఈ మూడు వారాల్లో అత్తయ్య అడిగినదానికి ఒక్కసారైనా వెంటనే సరేనన్న పాపాన పోలేదు. టీ ఫ్లాస్కు కోసం రెండు దరఖాస్తులు. కుర్చీ మార్చడానికి మూడు. ఒక మెత్త అడిగితే, ఎవరు కూర్చోవడానికి, ఎంతసేపు, ఎందుకు అని రాసివ్వమన్నాడు. అందుకని అత్తయ్య దారిపొడవునా పోట్లాటకు మాటలు కూడగట్టుకుంటూ వచ్చింది. దారంటే రెండు గదుల దూరమే. అయినా నాలుగు రకాల పోట్లాటలు సిద్ధం చేసుకుంది. ఆఖరిదాంట్లో ఏడవడం కూడా ఉంది.

"ఖైదీ మాట్లాడాడండీ" అంది.

మేజరు కలం ఆగింది.

అత్తయ్య అంతా చెప్పింది. గొడుగు వదిలేసి చెప్పింది. "దారి కాగితం మీద గీయడండీ. తనే నడుపుతాడు."

"సరే" అన్నాడు మేజరు.

అత్తయ్య మొదటి పోట్లాట గొంతులోనే ఆగిపోయింది. "సంకెళ్లు చేతులకి వెయ్యకూడదు."

"వెయ్యం."

"పడవలో ఒక్క జవానుగానీ, ఒక్క తుపాకీగానీ ఉండకూడదు. నేను కూర్చుంటాను, పడవ ముక్కున."

"తప్పకుండా. మెత్త వేయిస్తాను మేడం, ముక్కున చెక్క గట్టిగా ఉంటుంది."

మెత్త! దరఖాస్తు లేకుండా!

సంతోషించాల్సింది పోయి అత్తయ్యకు అనుమానం వచ్చింది. ముప్ఫై ఏళ్లలో ఎన్నో వందల పెళ్లివారిని చూసింది. మంచివాళ్లు పోట్లాడతారు. మంచం ఎవరు కొనాలన్న దగ్గర, తేదీ దగ్గర, ఎవరు ఎవరిని ముందు పిలవాలన్న దగ్గర పోట్లాడతారు. అన్నింటికీ తలూపి, నవ్వి, మీరెలా అంటే అలాగేనన్న పెళ్లివారు ఆమెకు ఒక్కసారే తగిలారు. ఆ పెళ్లికొడుక్కి అప్పటికే ఇంకో ఊళ్లో కాపురం ఉంది. ఇద్దరు పిల్లలు.

మేజరు ఫోను తీశాడు.

"రేవులో సిద్ధం చెయ్యండి. రేపు తెల్లారగానే. అవును, మూడు పడవలు."

ఫోను పెట్టేశాడు.

"మూడా?" అంది అత్తయ్య. "ఇరవై ఇద్దరేగా మేజరుగారూ, ఒక్క పడవ చాలు. మా అక్కయ్య ఎంత లావైనా ఒక్కటే మనిషి. మిగతా రెండూ ఎవరికి?"

మేజరు లేచి వెళ్లి, బయట కాపలావాడికి ఏదో సైగ చేసి, వీధి తలుపు మూశాడు. గడియ కూడా పెట్టాడు. తిరిగివచ్చి కూర్చోలేదు. అద్దాల బల్ల మీద రెండు చేతులూ ఆనించి, ఆమె ముఖంలోకి చూశాడు. మూడు వారాల్లో ఆ కళ్లలో నియమాలు తప్ప ఇంకేదీ చూడని అత్తయ్య, ఇప్పుడు కనిపిస్తున్నది కపటమో భయమో తేల్చుకోలేకపోయింది.

"అత్తయ్యగారూ" అన్నాడు మేజరు, మొట్టమొదటిసారిగా. "ముందు నాకొకటి చెప్పండి. మీకు ఈత వచ్చా?"